చెవులు మూసి చెప్పిన పాఠం

ఒక పిల్లకు చదువు చెప్పబోయి, ఆ పిల్ల చేత బడి మాన్పించిన టీచరును మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూసినట్టే అనుకోండి. అదీ బెత్తం పట్టుకుని కాదు. ఎంతో ప్రేమగా, చెవులకు మెత్తటి హెడ్‌ఫోన్లు పెట్టి మరీ మాన్పించాను.

మాది కల్లూరు. కొత్తగా ఉద్యోగం వచ్చి, చర్ల దాటాక అడవిలో ఉన్న ఒక గూడెం బడిలో వేశారు. బయలుదేరే ముందు ఆదివారం చర్చిలో అందరూ నా క్షేమం కోసం ప్రార్థన చేశారు. చేయాల్సింది ఆ బడి పిల్లల క్షేమం కోసమని ఎవరికీ తోచలేదు.

చేరిన కొన్నాళ్లకు ట్రైనింగుకు పిలిచారు. అందరికీ ఒకే పాఠం చెప్పడం పాత పద్ధతి, ఎవరి మెట్టు వాళ్లది, ఎవరి ఇష్టం వాళ్లది, ట్యాబ్‌లో తమకు తగ్గ పాఠం ఎంచుకుని ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకోవాలి అన్నారు. ముందు వరుసలో కూర్చుని నేను తల ఊపిన ఊపుకు మెడ పట్టేసింది. బడికి ట్యాబ్‌లు రాగానే పెళ్లి సామాను సర్దినంత మురిపెంగా సర్దాను.

మా హెడ్మాస్టరు వెంకటయ్య సారు ఆ గూడేల మధ్యే తల నెరిసిన మనిషి. గుమ్మంలో నిలబడి చూశారు.

"ఏంది కరుణమ్మా, గిట్ల ఒక్కొక్కల్ని ఒక్కో మూలకు కూసోబెడ్తున్నవ్?"

"ఎవరి పాఠం వాళ్లది సార్. డిస్టర్బ్ ఉండొద్దు గద."

"మాట్లాడుకోకుండ ఉంటరా వీళ్లు?"

"హెడ్‌ఫోన్లున్నయ్ సార్. ఒకళ్ల మాట ఒకళ్లకు ఇనపడదు."

సారు మీసం నిమురుకుంటూ వెళ్లిపోయారు. పెద్దవాళ్లకు టెక్నాలజీ అంటే భయం పాపం అని జాలిపడ్డాను.

ఆ క్లాసులోకి అప్పుడే జోగి అనే పిల్ల వచ్చి చేరింది. మిరప తోటల్లో కాయలు ఏరడానికి ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆ పిల్లకు కోయ భాష తప్ప తెలుగు ముక్క రాదు. కూలికి పనికొచ్చే పిల్లను బడికి పంపమని ఒప్పించడానికి సారు ఎన్నిసార్లు ఆ తోట గట్టెక్కారో లెక్కలేదు. "ఒక్కసారి మానిందంటే మళ్ల పంపరమ్మా, ఆ పిల్ల బతుకు ఆ తోటలనే" అని నాకు ముందే చెప్పారు కూడా.

ట్యాబ్ పెట్టిన పరీక్షలో మిగతా పిల్లలందరికీ పై మెట్లు వచ్చాయి. జోగి ఒక్కతే కింది మెట్టు. కిటికీ పక్కన ఒంటరిగా కూర్చోబెట్టి, ఉన్నవాటిలో మంచి హెడ్‌ఫోన్లు ఏరి తగిలించి, 'అ అంటే అమ్మ' నొక్కి ఇచ్చాను. ఆ పిల్ల అటూ ఇటూ చూసి తల దించుకుంది. ఎంత శ్రద్ధో అని పొంగిపోయాను.

మర్నాడు ఎంచుకునే వంతు పిల్లలది. "ఇయ్యాల మీ ఇష్టం. ఎవరికి ఏ పాఠం కావాల్నో వాళ్లే తీస్కోండి" అన్నాను. పిల్లలు కాసేపు కోయలో గుసగుసలాడుకున్నారు. పేపరు కూడా గడగడా చదివే సమ్మక్క ముందుగా నొక్కింది, ఆమె వెనుక అందరూ నొక్కారు. తిరిగి చూద్దును కదా, ఏ ట్యాబ్ చూసినా అ అంటే అమ్మే! హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని, జోగి చుట్టూ చేరి, పైకప్పు ఎగిరేలా అరుస్తున్నారు. మధ్యలో జోగి నవ్వుతోంది. నా ట్రైనింగంతా గంగలో కలిసింది.

"ఏందిది సమ్మక్కా? ఐదో తరగతి పిల్లవు, అ ఆ లు చదువుతవా?"

"నువ్వే గద మేడం, ఇష్టమున్నది తీస్కోమన్నవ్."

"అంటే సులువైంది తీస్కోమన్ననా?"

"సులువని గాదు మేడం, జోగి..."

"జోగి సంగతి ట్యాబ్ చూసుకుంటది. నీ మూలకు నువ్వు పో!"

ఆ వాక్యం పూర్తి కానిచ్చి ఉంటే ఈ కథే లేదు. కానీ నేను ట్రైనింగు అయినదాన్ని, వింటానా? ప్రతి ట్యాబ్‌కూ పాస్‌వర్డ్ పెట్టి, ఎవరి మెట్టు మీద వాళ్లను బిగించేశాను. పిల్లల ఇష్టానికి తాళం వేసి, ఆ తాళంచెవి మొలలో దోపుకున్న ఘనత నాది. గది చడీచప్పుడు లేకుండా అయిపోయింది.

"చూసిండ్రా సార్, ఎంత బుద్ధిగ చదువుతున్నరో!"

"దవాఖానల వార్డు లెక్కున్నది" అన్నారు సారు.

మర్నాడు జోగి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. సారు నన్ను పిలిచారు. "నువ్వే పో అమ్మా. సమ్మక్కను తోల్కపో, వాళ్ల మాట నీకు చెప్తది." ఆ గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది.

జోగి మిరప సాలులో వంగి కాయలు ఏరుతోంది. నన్ను చూసి ఇంకా కిందికి వంగింది. వాళ్ల నాన్న నడుముకున్న సంచి విప్పకుండానే నన్నేదో అడిగాడు.

"ఏమంటున్నడే?"

సమ్మక్క నేల చూపులు చూసింది. "మా బిడ్డ ఏం తప్పు జేసింది అని అడుగుతుండు మేడం."

"తప్పేంది? ఏ తప్పూ చెయ్యలే!"

"మరి అందర్ల నుంచి ఇడదీసి కూసోబెట్టినవ్, ఎవ్వరి మాట ఇనపడకుండ చెవులు మూసినవ్. మా ఊళ్ల తప్పు జేసినోళ్లనే మేడం గట్ల కూసోబెట్టేది. ఎవ్వరు మాట్లాడరు."

"అందుకేనా ఆ రోజు మీరంత అ ఆ లు తీసింది?"

"అవ్ మేడం. ఒక్కతే చదివితే అది శిక్షయితది. అందరం చదివితే పాఠమే అయితది గద."

సిగ్గుతో నా తల కిందికి దిగిపోయింది. జోగికి చెప్పాల్సింది చాలా ఉంది గానీ, కోయలో నాకు ఒక్క మాట రాదు. నేర్చుకోవాలన్న ఆలోచన కూడా అంతవరకూ రాలేదు. చెప్పలేనిది చేసి చూపిద్దామని పక్క సాలులోకి దిగి కాయలు ఏరడం మొదలుపెట్టాను. పండు కాయా పచ్చి కాయా చూడకుండా రెమ్మలతో సహా పీకుతుంటే జోగి వాళ్ల నాన్న గుండె మీద చెయ్యేసుకున్నాడు. ఇంతలో చెమట కంట్లోకి దిగింది. అదే చేత్తో కన్ను తుడుచుకున్నాను.

ఇక చెప్పేదేముంది! మొదటి కన్ను మంట ఆపే తొందరలో రెండో కన్నూ నలిపాను. గట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. అందులో మిరపకాయ వాటా ఎంతో, నా వాటా ఎంతో నేనే చెప్పలేను.

ఎవరో నా చేతులు పక్కకు లాగి ముఖాన నీళ్లు కొట్టారు. సగం కన్ను తెరిచి చూస్తే జోగి. నా పక్కనే చతికిలబడి ఏదో అంది.

"ఏమన్నది సమ్మక్కా?"

"నువ్వేం తప్పు జేసినవని ఒక్కదానివే కూసోని ఏడుస్తున్నవ్ అని అడుగుతుంది మేడం." జోగి ఇంకేదో అనగానే అదీ చెప్పింది. "ఏం జేసినా మంచిదే, రేపు బడికొచ్చి నీ పక్కన కూసుంటదంట."

"వాళ్ల నాయన?"

"జోగిని జల్దీ తోల్కపొమ్మంటుండు. నువ్వింకొంచెం సేపుంటే చెట్లు మిగలవంట."

ఇప్పటికీ మా బడిలో ట్యాబ్‌లున్నాయి, ఇష్టాలూ ఉన్నాయి. ఏం చదవాలన్నదే కాదు, ఎవరితో కలిసి చదవాలన్నది కూడా పిల్లలే ఎంచుకుంటారు. గది మాత్రం సంతలా ఉంటుంది.

కనుక గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పిల్లలు చెప్పే మాట పూర్తయ్యేదాకా నోరు తెరవను. అడగకుండా ఏ బిడ్డ చెవులూ మూయను. ఇష్టమిచ్చి తాళం వెయ్యను. మిరప చేత్తో కన్ను నలుపుకోనని కూడా ఒట్టు పెట్టబోయి ఆగాను. రేపు ఇంకో పిల్ల బడి మానేసిందనుకోండి, రెండు కళ్లూ నలుపుకోవడానికి నేను సిద్ధం.