సముద్రం తియ్యగా ఉంటుందని చెప్పిన రోజు

నా చిన్నప్పుడు బంగాళాఖాతాన్ని అనకాపల్లి దాకా తీసుకొచ్చినవాణ్ణి నేనే. మా అయిదో తరగతి గది గుమ్మం దాటించి, నల్లబల్ల కింద దాకా తెచ్చాను. అలలు వచ్చి పలకలు తడిపేశాయి. మా టీచరమ్మగారు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పక్కకి జరిగారు. మనవలకి ఈ కథ చెప్పినప్పుడల్లా నీళ్ళు కొంచెం కొంచెం పెరుగుతుంటాయి. కిందటి వేసవిలో చెప్పినప్పుడైతే ఒక పడవ కూడా వచ్చింది.

సరే, కాగితం మీద పెట్టేటప్పుడు కాస్త తగ్గాలి. పలకలు తడవలేదు. పడవ లేదు. అసలు అప్పటికి నేను సముద్రం మొహం చూడలేదు. మా ఊరికి సముద్రం అంత దూరమేం కాదు. కానీ మా నాన్న బెల్లం మార్కెట్లో గుమాస్తా, ఆదివారాలు కూడా ఆయనకి బెల్లం దిమ్మల మధ్యనే గడిచేవి. నన్ను తీసుకెళ్ళేదెవరు? నేను చూసిన పెద్ద నీళ్ళంటే వానాకాలంలో ఎర్రగా పారే శారదా నది ఒక్కటే. అయినా సముద్రం గురించి ఎవరైనా అడిగితే గంటసేపు ఆగకుండా చెప్పగలిగేవాణ్ణి. చూడనిదాని గురించి చెప్పడంలో ఉన్న సుఖం చూసినదాని గురించి చెప్పడంలో ఉండదు. చూశామంటే చూసినంతే చెప్పాలి కదా.

మా టీచరమ్మగారు క్రైస్తవులు. ప్రతి ఆదివారం చర్చిలో పిల్లల్ని కూర్చోబెట్టి బొమ్మలు చూపిస్తూ కథలు చెప్పేవారట. ఆ అలవాటు సోమవారానికి కూడా ఆవిడని వదిలేది కాదు. మాకు లెక్కలొచ్చినా, చరిత్రొచ్చినా, మధ్యలో ఒక రాజో దొంగో మేకో వచ్చి తీరాలి. పక్క గది మాస్టారు మా గోలకి విసుక్కుని గోడ మీద బెత్తంతో కొట్టేవారు. మేం దాన్ని కూడా తాళం అనుకుని పాట అందుకునేవాళ్ళం.

ఆ ఏడు మా తరగతిలోకి ఒక పిల్ల కొత్తగా వచ్చింది. రాంబిల్లి దిగువన, శారద సముద్రంలో కలిసే చోట, వాళ్ళది చేపలు పట్టేవాళ్ళ పల్లె. వాళ్ళమ్మ ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని సంత రోజున మా ఊరొచ్చేది. కూతురైనా నాలుగు ముక్కలు చదువుకుంటుందని మా ఊళ్ళో ఉన్న చెల్లెలి ఇంట్లో పెట్టి బడిలో వేసింది. వచ్చిన మొదటి రోజున టీచరమ్మగారు పేరడిగితే ఆ పిల్ల చెప్పింది. గొంతు కొంచెం బొంగురు. వెనక వరస గొల్లున నవ్వింది. అంతే, ఆ పిల్ల నోటికి తాళం పడింది. పలక మీద రాయమంటే రాసేది. పాట పాడమంటే పెదవులు బిగించి కిటికీలోంచి బయటికి చూసేది. నెలలు గడిచాయి గానీ మళ్ళీ ఆ గొంతు ఎవరూ వినలేదు.

ఒక సంత రోజున వాళ్ళమ్మ బడికొచ్చింది. తట్ట గుమ్మం బయట దించి, చెంగుతో మొహం తుడుచుకుని, మా అందరి ముందే చెప్పేసింది.

“నోరిప్పని దానికి బడెందుకమ్మా? మా చెల్లెలింట్లో కూడా ఇదే మూగనోము. తట్ట నెత్తినెట్టుకుంటే ‘సేపలో’ అనైనా అరుత్తాది. వచ్చే సంతకి వత్తాను, ఎంటబెట్టుకుని పోతాను.”

టీచరమ్మగారు వాదించలేదు. “వచ్చే సంత దాకా ఉంచమ్మా, తర్వాత నీ ఇష్టం” అన్నారు. ఆ పిల్ల తల వంచుకుని పలకని ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులతో పట్టుకుంది. ఎవరో దాన్ని లాక్కుపోతున్నట్టు పట్టుకుంది. అది మాత్రం నేను పెంచి చెప్పడం లేదు.

మర్నాడు మాకు శారదా నది పాఠం. పుస్తకంలో ఆ పాఠం ఎండాకాలం ఏటిలా ఉండేది. కొండల్లో పుట్టును, పొలాలు తడుపును, సముద్రమున కలియును. టీచరమ్మగారు పుస్తకం మూసి బల్ల మీద పెట్టేశారు. నదిని బుర్రకథ కట్టి చెబుదాం అన్నారు. మధ్యలో కథకుడు, అటొకడు ఇటొకడు వంతలు. తంబురాకి బదులు ఎండిన సొరకాయ బుర్ర, గుమ్మెటకి బదులు బోర్లించిన సత్తుగిన్నె. మొదటి వరసకి మాడుగుల కొండలు ఇచ్చారు. రెండో వరసకి చోడవరం చెరకు తోటలు. మూడో వరసకి మన ఊరు, మన బెల్లం. తర్వాత గది అంతా ఒకసారి కలయజూసి, “సముద్రం నువ్వు చెప్పు” అని నన్ను లేపారు.

చూశారా, అంత మందిలో నన్నే లేపారు. కథ చెప్పడంలో నా అంతవాడు లేడని ఆవిడకి తెలిసిపోయిందనుకున్నాను. ఆ నమ్మకంతోనే చాలా ఏళ్ళు బతికాను.

ముందు వరసలవాళ్ళు నదిని కొండ దించి, తోటలు దాటించి, ఊళ్ళోకి తెచ్చి నాకు అప్పజెప్పారు. సొరకాయ బుర్ర భుజాన వేసుకుని నేను అందుకున్నాను. శారద మా ఊరు దాటగానే గుర్రంలా పరుగెత్తిందన్నాను. వంతలు తందాన తాన అన్నారు. సముద్రం ఒడ్డున మా ఊరి బొజ్జన్నకొండంత ఎత్తు నుంచి ఒక్క దూకు దూకిందన్నాను. తందాన తాన. ఎద్దులంతేసి చేపలు ఎగిరి గట్టు మీద పడ్డాయన్నాను. గదిలో పిల్లలు నోళ్ళు తెరిచారు. తెరిచిన నోళ్ళు చూస్తే నాకు ఆగదు, అది పుట్టు బుద్ధి. మార్కెట్లో దిమ్మలు మోసే కళాసీలందరూ సాయంత్రం బెల్లం చేతులు ఏట్లోనే కడుక్కుంటారు కదా, ఆ తీపంతా పోయి పోయి సముద్రంలో కలుస్తుంది, అందుకని అక్కడ సముద్రం పానకంలా ఉంటుంది, చేపలు అది తాగి బలుస్తాయి, పులుసులో బెల్లం ముక్క కూడా వెయ్యక్కర్లేదు అన్నాను.

ఈసారి తందాన తాన రాలేదు.

“అబద్ధం!” అంది ఒక బొంగురు గొంతు.

గది అంతా తిరిగి చూసింది. ఆ పిల్ల నిలబడి ఉంది. మొహం ఎర్రబడింది. పలక కింద పడింది, దాన్ని కూడా చూసుకోలేదు.

“సముద్రం ఉప్పు. కళ్ళల్లో పడితే మంట. ఏరు దూకదు, దూకడానికి అక్కడ కొండేది? ఇసకుంటాది. ఎండలప్పుడు ఇసక తిప్ప మేటేసి మొగ మూసుకుపోద్ది. ఏరు ఎల్లడానికి దారుండదు. అక్కడే ఆగిపోతాది, పడుకున్నట్టు.”

మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే మూతి అని ఆ రోజే తెలుసుకున్నాం. నది ఆగిపోవడమేమిటని మాలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పిల్ల ఈసారి తగ్గలేదు. ఇంకో అడుగు ముందుకొచ్చింది.

“ఆగడమే కాదు. వానల్లో మొగ తెరుసుకున్నాక పోటొత్తాది సూడు, సముద్రపు నీరు పైకొత్తాది, అప్పుడు ఏరు ఎనక్కి నడుత్తాది. మా నాన పడవ తెడ్డు ఎయ్యకుండానే ఊరిదాకా వచ్చేత్తాది.”

ఇక నాకు ఒళ్ళు మండింది. ఎద్దులంత చేపలు చెప్పిన నా నోటికే పట్టనంత పెద్ద కోత ఇది! నది వెనక్కి నడవడమా? “టీచరమ్మగారూ, అది అబద్ధమాడుతోంది” అని అరిచాను. నా జన్మలో ఒకరిని ఆ మాట అన్నది అప్పుడే.

ఆవిడ నవ్వలేదు, నన్ను కసరలేదు. నల్లబల్ల మీద నీలం సుద్దతో సముద్రం, పసుపు సుద్దతో ఇసుక తిప్ప వేసి, సుద్ద ఆ పిల్ల చేతికిచ్చారు. “పోటు ఎటునుంచి వస్తుందో గీసి చూపించు” అన్నారు. ఆ పిల్ల గీసింది. గీస్తూ చెప్పింది. మొగ తెరుచుకునేటప్పుడు రాత్రంతా వినబడే హోరు చెప్పింది, ఉప్పునీళ్ళకి చచ్చి తేలిపోయే మంచినీటి చేపల గురించి చెప్పింది, ఏ నీరు ఎటు నడుస్తోందో చూడకుండా పడవ దింపిన వాళ్ళ మావయ్య తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చిన సంగతి చెప్పింది. గది పగలబడి నవ్వింది, ఈసారి ఆ పిల్లతో కలిసి. ఎవరు మొదలెట్టారో గానీ సత్తుగిన్నె మోగింది. వాక్యం వాక్యానికీ తందాన తాన. నా భుజం మీద సొరకాయ బుర్ర ఎప్పుడు ఎవరు తీశారో నాకు తెలియనే లేదు. చూస్తే ఆ పిల్ల దగ్గరుంది. నేను పక్కన వంత పాడుతున్నాను.

బడి బడంతా వచ్చి మా గుమ్మంలో నిలబడింది. బడంతా అంటే పక్క గది మాస్టారు. బెత్తం చేతిలోనే ఉంది గానీ గోడ మీద కొట్టడం మర్చిపోయారు.

సంత రోజు వచ్చింది. టీచరమ్మగారు మమ్మల్ని వరండాలో నిలబెట్టారు. మధ్యలో ఆ పిల్ల, ఇటు నేను, అటు సత్తుగిన్నెవాడు. వాళ్ళమ్మ తట్టతో వచ్చేసరికి శారద మాడుగుల కొండల్లో బయల్దేరింది. ఆవిడ గేటు దగ్గరే ఆగిపోయింది. తట్ట దించలేదు. కూతురు నదిని ఊళ్ళన్నీ తిప్పి, మొగ దగ్గరికి తెచ్చి, పోటు రప్పించి, ఏటిని వెనక్కి నడిపించింది. నేను వంత పాడుతూనే గేటు వైపు చూశాను. ఇప్పుడు ఆ తల్లి ఏమంటుంది? చేయి పట్టుకుని తీసుకుపోతే? నాతో పోట్లాడే మనిషి ఒక్కతే దొరికింది, ఆ పిల్ల కాస్తా పోతే నేను ఎవరికి చెప్పను?

“అమాసపోటు అనవే” అని గేటు దగ్గరనించి కేకేసింది వాళ్ళమ్మ. “అన్ని పోట్లకీ అంతదూరం నడుత్తాదేటి? సెప్తే సరిగ్గా సెప్పు.”

ఆ పిల్ల తడుముకోకుండా అమాసపోటు అని దిద్దుకుని, కథ పూర్తి చేసింది. వాళ్ళమ్మ టీచరమ్మగారి వైపు తిరిగింది.

“నోరిప్పించేరు, బాగుంది. మరి మూయించడం కూడా తమరే సూసుకోండి. మా వల్ల కాదు.”

తట్ట సర్దుకుని, వెనక్కి చూడకుండా సంతకి వెళ్ళిపోయింది. కూతుర్ని తీసుకెళ్ళలేదు. ఆ సంతకీ కాదు, ఆ తర్వాత ఏ సంతకీ కాదు.

చాలా ఏళ్ళ తర్వాత, నాకు పెళ్ళై పిల్లలు పుట్టాక, టీచరమ్మగారిని చూడటానికి వాళ్ళింటికి వెళ్ళాను. క్రిస్మస్ పిండివంటలు పెట్టారు. మాటల్లో నేను గొప్పగా, “తరగతి మొత్తంలో సముద్రం నాకే ఇచ్చారు కదండీ” అన్నాను. ఆవిడ అరిసె తుంపుతూ, “మరి నీకు సముద్రం గురించి ఒక్క ముక్క కూడా తెలీదు కదరా. తెలిసినవాడికి ఇస్తే ఆ పిల్ల ఎందుకు లేస్తుంది?” అన్నారు. అంటే ఆవిడ గాలానికి గుచ్చిన ఎర నేను. నోట్లో అరిసె అలాగే ఉండిపోయింది. తర్వాత ఎంత నవ్వొచ్చిందంటే, వాళ్ళింట్లోవాళ్ళు మంచినీళ్ళు పట్టుకొచ్చారు.

నేను మాస్టారుని కాలేదు. నాన్నలాగే బెల్లం మార్కెట్లో లెక్కలు రాసుకుంటూ బతుకు వెళ్ళదీశాను. కానీ ఈ రెండువేల సంవత్సరం దాటాక మా మనవరాలి బడివాళ్ళు తాతల్నీ మామ్మల్నీ పిలిచి తరగతిలో కథలు చెప్పించడం మొదలెట్టారు. కంప్యూటర్ల గది ఉన్న బడి, అయినా తాతలు కావాలట. నేను వెళ్ళి బెల్లం వండటం గురించి చెప్పాను. పెనంలోంచి తియ్యగానే పాకం ఐసులా చల్లగా ఉంటుందని, నేను అందులో చెయ్యి పెట్టి కూర్చునేవాణ్ణని కోశాను. కోసి, ఊరుకుని, గదంతా చూశాను. చివరి బెంచీలో, ఊరూరా బెల్లం వండే రావికమతం వైపు నుంచి కొత్తగా వచ్చిన ఒక పిల్లాడు, బడిలో ఎవరితోనూ మాట్లాడడని టీచరు నాకు ముందే చెవిలో వేసిన పిల్లాడు, కూర్చున్నచోటే మెల్లగా, “సెయ్యి కాలిపోద్ది తాతా” అన్నాడు. “నీకెలా తెలుసు?” అన్నాను. వాడు చెప్పడం మొదలెట్టాడు. నేను బల్ల మీద దరువేస్తూ వంత అందుకున్నాను.

ఆ శారదా నది పాఠం రోజు నుంచి నా దగ్గర మిగిలింది అదే. కథ చెప్పేటప్పుడు ఎవరో ఒకరు లేచి కాదనడానికి వీలుగా కొంచెం చోటు వదిలిపెట్టడం. టీచరమ్మగారు తెలిసి వదిలారు, నేను తెలియక వదిలాను. ఇప్పుడు నేనూ తెలిసే వదులుతున్నాను. కనీసం సగం సార్లయినా తెలిసి వదులుతున్నాను.

ఇదంతా రాసి, మొన్న ఫోన్ చేసి ఆ పిల్లకి చదివి వినిపించాను. పిల్లంటే ఇప్పుడు ఆవిడకీ మనవలున్నారు, గొంతు ఇంకా బొంగురే. మొదటినుంచి చివరిదాకా విని, ఆఖర్న ఇలా అంది:

“అంతా బాగానే రాసేవు గానీ ఒరే, నాను ‘అబద్ధం’ అని ఎప్పుడన్నాను? నానన్నది ‘ఇంక కూకోరా’ అని. ఆ తరవాత అందరూ నాకేసే సూత్తంటే ఏదోటి సెప్పాలి కదాని సముద్రం సెప్పేను. నువ్వు కూకునుంటే నాను మళ్ళీ కూకునేదాన్నే. నువ్వు కూకుంటేనా?”