పెట్టె మీద నేను వేసిన అంకె

తొమ్మిదేళ్ళుగా ఒక అంకెని మోస్తున్నాను. పెద్ద అంకేమీ కాదు. ఒకటి. పెన్ను అట్ట మీద ఆనించి కిందికి లాగితే అయిపోయే నిలువు గీత. రాయడానికి అరక్షణం పట్టి ఉంటుంది. దాన్ని దించుకోవడం ఇన్నేళ్ళుగా నా వల్ల కాలేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, కాస్త ఓపిక పట్టండి.

ముందే ఒక మాట. నేను కోతలు కోస్తాను. బ్రిటన్‌లో, వేల్స్ వైపు మేముండే కార్డిఫ్‌లో తెలుగువాళ్ళ పార్టీ ఎక్కడ జరిగినా నా కుర్చీ చుట్టూ జనం చేరేది అందుకే. మా తాత పులికి పొగాకు నమలడం నేర్పాడని చెప్పినవాణ్ణి. బ్రిడ్జి మీద గాలికి నా కారు ఎగిరి పక్క లేన్‌లో పడితే, ఇండికేటర్ వేయలేదని పోలీసులు ఆపారని చెప్పినవాణ్ణి. నమ్మినవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు చెప్పేది మాత్రం కోత కాదు. కానీ ఈ మాట ఇంతకుముందు ఎన్నిసార్లు అన్నాను? లెక్కలేదు. మీరే చూసుకోండి.

మాకు ఊరి బయట, కొండల మధ్య ఒక రైఫిల్ క్లబ్బు ఉంది. మన వైపు ఈ మాట వింటే ఉలిక్కిపడతారు గానీ, ఇక్కడ అది రిటైరైనవాళ్ళు టీ తాగే చోటు లాంటిదే. ఆదివారం పొద్దున, ఎప్పుడూ వాన, దూరాన కాగితం మీద ఒక నల్ల చుక్క. పోలీసుల సర్టిఫికెట్ తెచ్చుకుని, చాప మీద బోర్లా పడుకుని, ఆ చుక్కని కొట్టాలి. క్లబ్బు మొత్తానికి తెలుగువాళ్ళం ఇద్దరమే. నేను, డాక్టర్ అంకుల్.

ఆయన హాస్పిటల్లో మత్తు డాక్టరు. నాకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. ముప్పై ఏళ్ళు మనుషుల్ని నిద్రపుచ్చి, లేపి ఇంటికి పంపిన చెయ్యి. ఆ చెయ్యి ఏం చేసినా కొలిచే చేస్తుంది. టీలో పంచదార కూడా చెంచా అంచుతో గీసి సమం చేసి వేసుకునేవారు. నేను ఎగతాళి చేసేవాణ్ణి. "నువ్వు మాటలు కొలుచుకుంటే ఈ దేశానికి వానలు తగ్గుతాయోయ్" అనేవారు.

ఇప్పుడు కాస్త ఇత్తడి సంగతి చెప్పాలి. తూటా పేలాక ఖాళీ ఇత్తడి కేసు బయట పడుతుంది. దాన్ని పారేయరు. ఏరుకుని, శుభ్రం చేసి, కొత్త మందుగుండు పౌడర్ కొలిచి పోసి, కొత్త బుల్లెట్ బిగించి మళ్ళీ కాలుస్తారు. ఖర్చు తగ్గుతుంది, గురి కూడా బాగుంటుంది. కాకపోతే పేలిన ప్రతిసారీ ఇత్తడి కొద్దిగా సాగుతుంది, అడుగు దగ్గర లోపల్లోపల పలచబడుతుంది. ఒకనాటికి అక్కడ తెగుతుంది. అందుకే వాడిన కేసులు ఎవరి దగ్గర కొన్నా మొదటి ప్రశ్న ఒకటే: ఎన్నిసార్లు కాల్చినవి? ఆ అంకె పెట్టె మీద రాసి ఉంటుంది. చూస్తే తెలిసేది కాదు కాబట్టి, రాసినవాణ్ణి నమ్మాలి. క్లబ్బుల్లో అది మర్యాద.

ఆ ఏడాది పక్క ఊరు న్యూపోర్ట్ అవతల ఒక ముసలాయన షూటింగ్ మానేస్తూ సామానంతా అమ్ముతున్నాడని విని వెళ్ళాను. బకెట్ నిండా కేసులు, నల్లగా, మురికిగా. ఖాళీ ఇత్తడికి లైసెన్సు అక్కర్లేదు, ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆయన నిజాయితీపరుడు. "వీటిని ఎన్నిసార్లు కాల్చానో నాకే గుర్తులేదు. తుక్కుకి వేసుకో, రైఫిల్లో మాత్రం పెట్టకు" అన్నాడు. ఈ మాట స్పష్టంగా విన్నాను. వానలో వినబడలేదని చెప్పుకోవడానికి కూడా లేదు, ఆయన గరాజ్‌లోనే నిలబడి ఉన్నాం.

మరెందుకు కొన్నాను? చవగ్గా వస్తే నేను దేన్నీ వదలను, అంతే. ఇంటికి తెచ్చి, వాల్‌నట్ పెంకుల పొడి వేసిన డబ్బా మిషన్లో రెండు రోజులు తిప్పాను. బయటికి తీస్తే ఏముంది! పెళ్ళికి తోమిన కుందుల్లా ధగధగలాడాయి. ఒక తీగ కొన వంచి లోపల అడుగున గీసి చూశాను. ఇత్తడి పలచబడి ఉంటే అక్కడ చిన్న గాడి తగులుతుంది. మొదటి దానిలో తగల్లేదు. రెండోదానిలో తగల్లేదు. మూడోదానిలో తగిలింది.

అక్కడితో చూడటం ఆపేశాను.

ఎందుకు ఆపావు అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. నాలుగోది చూస్తే తెలిసిపోతుందని. తెలిశాక వాటిని పారేయాలి కదా. అంత మెరుస్తున్నవాటిని.

ఆ ఆదివారం ఒక యాభై కేసులు పెట్టెలో సర్ది క్లబ్బుకి పట్టుకెళ్ళాను. చూపించడానికే. ఒట్టు, అప్పటికి చూపించడానికే. అందరూ మూగి "ఎక్కడివి" అన్నారు. న్యూపోర్ట్ గరాజు, మురికి బకెట్టు... ఆ నిజం ఎంత చప్పగా ఉందంటే నోటికి రాలేదు. బదులుగా నా నోటికి స్కాట్లాండ్‌లో, ఎడిన్‌బర్గ్ పైన ఒక జమీందారు వచ్చాడు. ఆయన వంశంలో ఎవరూ కింద పడ్డదాన్ని వంగి తీయలేదు. ఆయన తుపాకీ పేల్చినప్పుడల్లా వెనక బట్లర్ వెండి పళ్ళెం పట్టుకుని నిలబడి, కేసు నేల తాకకుండా అందుకుంటాడు. ఒకసారి పేలిన ఇత్తడిని మళ్ళీ వాడటం ఆ ఇంటికి అప్రతిష్ఠ. ఆ బట్లర్‌కి నేను కంప్యూటర్ బాగుచేసి పెట్టాను, అందుకు బదులుగా ఇవి. తెల్లవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. అంకుల్ కూడా నవ్వారు. నవ్వుతూనే ఒక కేసు తీసి వెలుగులో తిప్పి చూశారు.

"నీ బట్లర్ సంగతి సరేగానీ, ఎన్నిసార్లు కాల్చినవోయ్ ఇవి?"

"చెప్పాగా అంకుల్, ఒక్కసారే."

"కథ కాదయ్యా బాబూ. కథలు నువ్వు చెప్తావు, మేం వింటాం, అది వేరు. నాకు అంకె కావాలి."

"ఒక్కసారే."

"అయితే రాయి." జేబులోంచి పెన్ను తీసి, మూత తీసి మరీ ఇచ్చారు. "నువ్వు రాస్తే నేను వాడతా."

చుట్టూ ఇంకా నవ్వు ముఖాలు. రేకు కప్పు మీద వాన. "ఊరికే అన్నాను అంకుల్, ఇవి తుక్కు" అంటే సరిపోయేది. ఇంకోసారి నవ్వేవాళ్ళు, అంతే. లేదా, నవ్వేవాళ్ళు కాదేమో. ఆ "కాదేమో"కి భయపడి రాశాను. పెట్టె ఆయనకి ఊరికే ఇచ్చేశాను. లాభం కోసం చేసిన పని కాదని చాలా కాలం దాన్ని పట్టుకుని వేలాడాను. డబ్బు కోసం చేసి ఉంటే కనీసం కారణమన్నా ఉండేది.

మూడు వారాల తర్వాత ఆయన పక్క చాప మీదే పడుకుని ఉన్నాను. ఆయన మొదటి రెండు గుళ్ళూ చుక్కలోనే పడ్డాయి. మూడోది పేలిన చప్పుడు వేరుగా ఉంది, ఏదో చిరిగినట్టు. రైఫిల్ పక్కనుంచి వేడి గాలి వెనక్కి తన్నింది. కళ్ళద్దాలు మసి. కుడి చెంప కమిలింది. అద్దాలు ఉండబట్టి కన్ను దక్కింది. కాల్పుల మైదానం చూసుకునే వెల్ష్ పెద్దాయన వచ్చి రైఫిల్ తెరిస్తే, కేసు అడుగు భాగం ఒక్కటే బయటికొచ్చింది. మిగతాది లోపలే ఇరుక్కుంది.

"ఈ ఇత్తడికి ఇది ఎన్నో కాల్పు?" అన్నాడు.

"రెండోది" అన్నారు అంకుల్, పెట్టె మీద అంకె చూపించి.

"రెండోసారికే ఇలా తెగదు డాక్టర్. పౌడర్ ఎక్కువ పోసి ఉంటావు."

అంకుల్ తడి రుమాలు చెంపకి అద్దుకుంటూ నావైపు తిరిగారు. అనుమానంగా కాదు. అదే ఇప్పటికీ నన్ను తినేది. తెలుగులో, మెల్లగా అడిగారు.

"ఒక్కసారేగా?"

"ఒక్కసారే అంకుల్."

మొదటిసారి చెప్పింది కోత అనుకుందాం. ఇది ఏమిటి?

ఆయన ఇంటికెళ్ళి మిగిలిన నలభై ఏడు తూటాలూ విప్పి, ఒక్కొక్కదాంట్లో పౌడర్ తూచారు. మంగళవారం ఫోన్ చేస్తే చెప్పారు. "అన్నీ సరిగ్గా ఉన్నాయోయ్. ఆ ఒక్కటే తప్పాను. పోస్తున్నప్పుడు డ్యూటీల రోటా గురించి హాస్పిటల్ నుంచి ఫోనొచ్చింది, అప్పుడే అయ్యుంటుంది." తప్పు దొరికినందుకు కాస్త స్థిమితపడ్డట్టు ఉంది గొంతు. నేనేం అన్నానో తెలుసా? "ఆ ఖాళీ కేసులు ఇచ్చేయండి అంకుల్, నేను పారేస్తాను" అన్నాను. వెళ్ళి తెచ్చుకున్నాను. బకెట్‌లో మిగిలినవాటితో కలిపి తుక్కు యార్డ్‌లో ఇచ్చేశాను. క్రేన్ ఎత్తి కుప్పలో పడేసేదాకా కారు కదల్చలేదు.

నెల తిరక్కుండా ఆయన హాస్పిటల్లో రాజీనామా ఇచ్చారు.

నేను కంగారుగా వెళ్ళాను. అప్పుడన్నా చెబుదామని వెళ్ళానా, లేక వెళ్ళానని నాకు నేను చెప్పుకోవడానికా? ఆయన చాలా ప్రశాంతంగా మాట్లాడారు. "బల్ల మీద పడుకున్నవాడికి, నీ ముందు నలభై ఏడుగురికి సరిగ్గా ఇచ్చానయ్యా అని చెప్తే ఏం లాభం? పౌడర్ దగ్గర తప్పిన చెయ్యి సూది దగ్గర తప్పదా?" నా దగ్గర జవాబు ఉంది. నా నాలుక కిందే ఉంది. టీ తాగి వచ్చేశాను. రిటైర్‌మెంట్ పార్టీలో నన్నే మాట్లాడమన్నారు. మాట్లాడాను. హాలంతా నవ్వించాను.

ఆ తర్వాత పోలీసులకి తుపాకీ సర్టిఫికెట్ తిరిగిచ్చేశారు. జీపీ, అంటే ఆయన ఫ్యామిలీ డాక్టరు, మతిమరుపు పరీక్షలకి పంపిస్తే, అన్నీ బాగున్నాయన్నారు. "పరీక్ష రోజు అందరం బాగానే ఉంటాం" అన్నారు ఆయన. కారు నడపడం మానేశారు. గ్యాస్ కట్టానా లేదా అని మూడుసార్లు లేచి చూసేవారు, ఆ తర్వాత అసలు స్టవ్ దగ్గరికే వెళ్ళడం మానేశారు. ఇప్పుడు ఆయన బీపీ మాత్రలు ఆంటీ తీసి ఇస్తారు. ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ ప్రాణాలు చుక్కల్లో కొలిచిన మనిషి, అరచెయ్యి చాపి కూర్చుంటారు. జబ్బు లేదు. ఉందని నమ్ముతున్నారు. ఆ నమ్మకం నా చేతిరాత.

అరవై దాటాక ఎలాగూ రిటైరయ్యేవారు కదా, అనుకున్నాను. తప్పు జరగకముందే తప్పుకోవడం మంచిదే కదా, అనుకున్నాను. క్లబ్బువాళ్ళు నన్ను గెంటేస్తారనీ, పోలీసులు నా సర్టిఫికెట్ లాక్కుంటారనీ భయపడ్డాను. అవేవీ అసలు కారణం కాదు. నేను నోరు తెరిస్తే ఇక ఎవరూ నవ్వరు. అదే.

మొన్న ఆగస్టు నెలలో వెళ్ళి చెప్పాను. అవును, చెప్పాను. పెరట్లో గ్రీన్‌హౌస్‌లో మిరప మొక్కలకి కర్రలు కడుతున్నారు. న్యూపోర్ట్ గరాజ్ నుంచి తుక్కు యార్డ్ దాకా మొత్తం చెప్పాను. కాకపోతే నా మొహం నా మాట వినలేదు. భయానికో, అలవాటుకో, మధ్యలో పెదవుల మీదికి నవ్వు వచ్చేసింది. ఆయన చివరిదాకా విన్నారు. మట్టి చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని నా భుజం మీద వేశారు.

"ఎంత మంచివాడివోయ్. ఇన్నేళ్ళకి కూడా నన్ను ఓదార్చడానికి కథ అల్లుకొచ్చావు. కానీ ఇది అంత బాగా కుదర్లేదు."

"నిజం అంకుల్" అన్నాను. ఒక్కసారే అన్నాను. ఆయన నవ్వుతూ తల అడ్డంగా ఊపారు. నేను పట్టుబట్టలేదు. పిల్లల మీద ఒట్టు వేయలేదు, కాళ్ళు పట్టుకోలేదు, ఆ న్యూపోర్ట్ ఆయన ఇంకా ఉన్నాడేమో వెతికి తెస్తానని అనలేదు. "సరేలెండి" అని మిరపకాయలు సంచీలో వేయించుకుని బయల్దేరాను. కారులో కూర్చున్నాక ఒళ్ళంతా తేలికైంది, నమ్మలేదు కదా అని. ఆ తేలిక గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. పెట్టె మీద అంకె వేసినవాడు నలభై అయిదేళ్ళ తుంటరి అనుకున్నా, మిరపకాయల సంచీతో వెళ్ళిపోయినవాడు అన్నీ తెలిసినవాడు.

అందుకే ఇలా రాస్తున్నాను. రాస్తే మొహం కనబడదు. ఆ ఇత్తడి అరిగిపోయిందని నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. ఆయన నన్ను నమ్మి అడిగారు, నేను అబద్ధం చెప్పాను, కాలిన చెంపతో మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పాను. ఆయన చెయ్యి ఆ రోజు తప్పలేదు. ఏ రోజూ తప్పలేదు. ఆయన బుర్రకి ఏమీ కాలేదు.

ఇంతే. రాశాక ఊపిరి కాస్త బాగా ఆడుతోంది, అబద్ధమెందుకు. నాకు ఆడుతోంది. ఆయనకి ఇంకా తెలీదు.