గ్రహణం పూట ఇరవై ఒక్క కిలోమీటర్లు

అమలాపురం నుంచి అల్లవరం దాకా పరిగెత్తి వెళ్ళి, మళ్ళీ పరిగెత్తి రావాలి. అదీ సూర్యగ్రహణం పట్టిన పూట. నలభై ఆరేళ్ళ వయసులో ఈ పని నెత్తికెత్తుకోవడానికి కారణం గ్రంథాలయంలో జరిగిన ఒక చర్చ.

గ్రహణానికీ మనిషి ఒంటికీ ఏ సంబంధమూ లేదని ఆ సాయంత్రం గంటసేపు మాట్లాడాను. చప్పట్లు కూడా పడ్డాయి. చివర ఒక రిటైర్డ్ తాసీల్దారుగారు లేచారు.

"ఆయ్, బాగా సెలవిచ్చేరండి. మాటలకేం, ఎన్నైనా చెప్తాం. పట్టింది మొదలు విడిచేదాకా రోడ్డు మీద పరిగెత్తి చూపించండి, మా కోడళ్ళని కూడా మీ వెనకాలే పంపిస్తాను."

హాలంతా నవ్వింది. హైదరాబాదులో ఎవరో హాఫ్ మారథాన్ పరిగెత్తారని ఆ వారమే పేపర్లో చదివి ఉన్నాను. "ఇరవై ఒక్క కిలోమీటర్లు. చాలా?" అన్నాను. నా పక్కన కూర్చున్న కుర్ర లెక్చరరు, కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు, "నేనూ వస్తాను మాస్టారూ" అన్నాడు. మా చర్చామండలిలో మిగతావాళ్ళంతా పైకప్పు వైపు చూశారు.

ఆ రోజు నుంచి నా మోకాళ్ళు నావి కాకుండా పోయాయి. తెల్లవారుజామున కాలవగట్టు మీద పరిగెడుతుంటే కొబ్బరి దింపే మనుషులు "ఏదైనా మొక్కాండీ?" అని అడిగేవారు. ఒళ్ళు మండేది. అంతకంటే భయం వేసేది. మామూలు రోజున రోడ్డు మీద కూలబడితే జనం సోడా తెచ్చిస్తారు. గ్రహణం రోజున కూలబడితే నన్ను రుజువుగా వాడుకుంటారు. ఇరవై ఏళ్ళు రాసిందీ మాట్లాడిందీ ఒక కాలి పిక్క మీద ఆధారపడి ఉంది. ఇది హేతువాదమేనా అని నన్ను నేను ప్రశ్నించుకోలేదు. మా ఆవిడ అడిగింది.

"గ్రహణం ఏమీ చెయ్యదంటారు, సరే. ఏమీ చెయ్యని దానికోసం ఇంత ఆయాసం ఎందుకండీ?"

"జనం చూడాలని."

"ఆ పూట జనం తలుపులేసుకుని ఉంటారు. చూసేదెవరు?"

విసుక్కుంటూ బూట్ల తాళ్ళు బిగించుకున్నాను.

నీళ్ళ సంగతి లెక్చరరు చూసుకుంటానన్నాడు. వాళ్ళ అన్న మోటారుసైకిలు మీద క్యాను కట్టుకుని మా వెనకే వస్తాడు. ఒకవేళ రాకపోయినా దారి పొడుగునా ఇళ్ళేనాయె, దాహమంటే నీళ్ళు పొయ్యని గుమ్మం కోనసీమలో ఉందా? ఇదీ మా ధీమా.

ఆషాఢ అమావాస్య. గాలి లేదు, పల్చటి మబ్బు, ఉక్క. గడియారస్తంభం దగ్గర బయల్దేరేవేళకి అన్న జాడ లేదు. "బండి స్టార్టవ్వలేదేమో, దార్లో అందుకుంటాడు లెండి" అన్నాడు లెక్చరరు. మబ్బుచాటున సూర్యుడు అప్పుడే ఒకవైపు తరిగి ఉన్నాడు. టీ కొట్లు మూసి ఉన్నాయి. ఆ పెద్ద రోడ్డు మీద మా అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. మొదట్లో గర్వంగానే ఉంది. ఊళ్ళకి ఊళ్ళు దాక్కుంటే మేమిద్దరమే ఆకాశం కింద ఉన్నామనుకున్నాను.

అల్లవరం చేరి వెనక్కి తిరిగేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అన్న రాలేదు. రొయ్యల చెరువులు వచ్చాక అక్కడ బోరింగు కొడితే ఉప్పునీళ్ళే. తాగే నీళ్ళు ఇళ్ళల్లో బిందెల్లోనే ఉంటాయి. ఆ పూట ఆ బిందెల మీద గరిక వేసి మూతలు పెట్టేశారు. ఏ ఆచారాన్ని ఎదిరించడానికి బయల్దేరామో, ఆ ఆచారం నీళ్ళు కూడా మూసేస్తుందని మా ఇద్దరికీ తట్టలేదు.

ఒక ఇంటి కిటికీ తట్టాను. లోపల ముసలమ్మ.

"కాసిని మంచినీళ్ళు పొయ్యమ్మా."

"గ్రహణం పట్టిన నీళ్ళండి బాబూ, నా చేత్తో ఎలా పొయ్యనండీ? విడవనివ్వండి, బిందె తోమి కొత్తనీళ్ళు తెచ్చి పోస్తాను."

"ఈలోగా పోయేలా ఉన్నాం!"

"అందుకేగదండీ ఇంట్లో ఉండమనేది."

ఆమెతో వాదన మొదలుపెట్టాను. అలవాటు. వెనక్కి తిరిగి చూస్తే లెక్చరరు అరుగు పట్టుకుని నిలబడ్డాడు. ఒంటి మీద చెమట ఆరిపోయింది. "మాస్టారూ, క్లాసు బెల్లు కొట్టేసేరా?" అన్నాడు. ఇంకో మాట అనబోయి పడిపోయాడు.

నా పరుగు అక్కడితో ముగిసింది. అతని తల ఒళ్ళో పెట్టుకుని కండువాతో విసురుతూ కేకలేశాను. కాసేపటికి గ్రహణం విడిచింది. ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. ఆ ముసలమ్మే అందరికంటే ముందు బిందెతో పరిగెత్తుకొచ్చి అతని తల మీద నీళ్ళు గుమ్మరించింది, ఏడుస్తూ. "గ్రహణం కొట్టేసిందండీ పాపం" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. పాలవ్యానులో అమలాపురం ఆసుపత్రికి తెచ్చాం.

ప్రమాదం లేదని డాక్టరు సాయంత్రానికి చెప్పాడు. వరండాలో లెక్చరరు తల్లి నా దగ్గరికి వచ్చింది.

"పెద్దోణ్ణి నేనే ఆపేనండీ. కోడలు కడుపుతో ఉంది గదా, దాని మొగుడు కూడా గ్రహణంలో తిరక్కూడదంటారు. బండి తాళం దాచేసేను. మీరు చదువుకున్నోరు, నిజం చెప్పండి మాస్టారూ. మావోడికి ఇది గ్రహణం వల్లే గదండీ?"

ఈ ప్రశ్నకి ఎన్ని వేదికల మీద బల్ల గుద్ది జవాబిచ్చానో. ఆవిడకి మాత్రం అవుననే మాట కావాలి. గ్రహణం వల్ల అయితే ఒక కొడుకునైనా కాపాడుకున్నట్టు. కాకపోతే రెండో కొడుకు నోటి దగ్గర నీళ్ళు ఆపింది తనే. ఊరుకుందామనుకున్నాను. ఊరుకుంటే ఇంకో గ్రహణానికి ఆవిడ మళ్ళీ తాళం దాస్తుంది, ఇంకెవరి కోసమో.

"కాదమ్మా. నీళ్ళు లేక. వెంట నీళ్ళు పెట్టుకోకుండా బయల్దేరడం మా తప్పు."

"మీ దగ్గర ఎలా ఉంటాయండీ, క్యాను మా ఇంట్లో ఉంటే?" అంది నెమ్మదిగా. గోడ పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. లోపల్నుంచి కొడుకు "అమ్మా" అని పిలుస్తున్నాడు. లేవలేదు.