నత్తి నౌకరు

టీవీలో హాస్య నాటిక మొదలైతే నేను లేచి వంటింట్లోకి పోతాను. ముందు గదిలో అందరూ పడీ పడీ నవ్వుతుంటారు, నాకు ఒళ్ళు మండుతుంది. ఒకడు లావుగా ఉంటాడు, ఒకడు కుంటుతాడు, ఒకడికి నోరు తిరగదు. ఇంతకుమించి నవ్వించడం వీళ్ళకు చేతకాదా? ఈ చిరాకు నాకు టీవీతో రాలేదు. మా బీదరు ఉన్న కర్ణాటకను ఇంకా మైసూరు రాష్ట్రం అనే రోజుల్లో, పెళ్ళిచూపుల కోసం చూసిన ఒక సినిమాతో వచ్చింది.

పెళ్ళిచూపులు సినిమా హాల్లో ఎందుకంటే, నాకు నత్తి. ఇంట్లో కూర్చోబెడితే పేరడుగుతారు, చదువడుగుతారు, బండారం బయటపడుతుంది. హాల్లో ఎవరూ మాట్లాడించరని అమ్మ ఎత్తు వేసింది. అవతలివాళ్ళకు చిట్గుప్పలో బట్టల దుకాణం. ఆడవాళ్ళం జనానాలో కూర్చోవాలి, మగవాళ్ళు ముందు వరసల్లో. ఇంటర్వెల్లో సోడాల దగ్గర అబ్బాయి నన్ను చూడాలి, అదీ ఏర్పాటు.

"నోరు తెరువకు బిడ్డా. ఏమడిగినా తలకాయ ఊపు, చాలు" అని దారిపొడుగునా అమ్మ చెబుతూనే ఉంది.

జనానాకు ముందు పర్దా, వెనక దర్వాజా. దీపాలు ఆరగానే పర్దా లేపి, మగపిల్లలు జొరబడకుండా దర్వాజాకు బయటనుంచి గొళ్ళెం పెట్టేవాళ్ళు. ఇంటర్వెల్ దాకా చచ్చినా బయటికి రాలేం. నేను అమ్మకూ అబ్బాయి తల్లికీ నడుమ ఇరుక్కుని కూర్చున్నాను.

సినిమాలో హీరో ఇంట్లో ఒక నౌకరు. వాడికి నత్తి! దొంగ పడితే "దొం... దొం..." అంటూ కళ్ళు తేలేస్తాడు. యజమాని చెంప పగలగొడతాడు, అప్పుడు మాట ఊడిపడుతుంది. హాలంతా ఒకటే నవ్వు. పాము వస్తే అదే, చుట్టం వస్తే అదే. నాకు సిగ్గుకంటే ముందు కోపం వచ్చింది. ఇది రాసినవాడు నత్తి ఉన్న మనిషి మాట ఒక్కపూటైనా విని ఉండడు. మాకు ప్రతి మాటా అడ్డం పడదు. ఏది పడుతుందో ముందే తెలుస్తుంది, దాన్ని తప్పించి ఇంకో మాట వెతుక్కుంటాం. దొంగ అనలేనివాడు 'ఎవడో వచ్చిండు' అంటాడు. అంతమాత్రం తెలివి లేదా ఆ నౌకరుకు?

అబ్బాయి తల్లి నవ్వి నవ్వి నా తొడమీద చరుస్తోంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో చీకట్లో తెలియలేదు. లేచి పోదామంటే గొళ్ళెం.

ఇంటర్వెల్లో అబ్బాయి సోడాల దగ్గరే నిలబడి ఉన్నాడు. మంచి ముఖమే. నవ్వు ఇంకా ఆగలేదు, "దొం... దొం..." అని పక్కవాడికి చేసి చూపిస్తున్నాడు.

"సిన్మ ఎట్లున్నది పిల్లా?" అని అడిగింది వాళ్ళమ్మ.

"మంచిగున్నదంటది" అంది అమ్మ.

"నిన్ను గాదు వదినా, పిల్లను అడుగుతున్న."

తల ఊపితే అయిపోయేది. కానీ ఇప్పుడు ఊపితే ఆ ఇంట్లో బతుకంతా ఊపుతూనే ఉండాలని భయమేసింది. తప్పించుకునే మాట వెతకలేదు. "బా... బా... బాగలేదు. న... నత్తోళ్ళు అట్ల మాట్లాడరు" అన్నాను.

ఆమె చేతిలో సోడా అట్లాగే ఉండిపోయింది. అబ్బాయి నేల చూశాడు. మిగతా సగం చూడకుండానే వాళ్ళు చిట్గుప్ప బస్సెక్కారు.

గంట మోగింది, మమ్మల్ని మళ్ళీ జనానాలోకి తోలారు. నౌకరు మళ్ళీ వచ్చాడు. నా మాట విన్న ఆడవాళ్ళెవరూ ఈసారి నవ్వలేదు. వాళ్ళ జాలికంటే ఇందాకటి నవ్వే నయమనిపించింది.

"ఒక్క తలకాయ ఊపితే అయిపోవు గదనే" అని అమ్మ కళ్ళు తుడుచుకుంది.

"అ... అ... అడిగింది... న... నన్నే గదనే అమ్మా" అన్నాను. అంత చిన్న మాటకు చాలాసేపు పట్టింది. అమ్మ మధ్యలో అందుకోలేదు, చివరిదాకా ఆగి విన్నది.