ఎడమ మోచేతి మచ్చ

మా చిన్నాన్న దయ్యం సినిమాకి రావడం అదే మొదలు, అదే ఆఖరు. తెర మీద పేరు తెలియని శవం ఇనుప సొరుగులోంచి లేచి కూర్చుంటే హాలంతా కెవ్వుమంది. ఆయన మాత్రం నా వైపు వంగి, "కాలి బొటనవేలికి చీటీ కట్టలేదేమిటే?" అన్నాడు.

ఆయన పెద్దాసుపత్రి మార్చురీలో గుమాస్తా. ఎవరూ గుర్తుపట్టని శవాలు వస్తే వాటి ఆనవాళ్ళు కాగితం మీదికి ఎక్కించడం ఆయన పని. ఎత్తు, పళ్ళు, పుట్టుమచ్చలు, రవికె రంగు, దానికి ఎన్ని హుక్కులు. ఇరవై ఆరేళ్ళుగా అదే. ఉద్యోగం సంగతి తెలిసి రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. మూడోది ఆయనే వద్దన్నాడు. బంధువుల ఇళ్ళల్లో ఆయన తాగిన గ్లాసు విడిగా కడుగుతారు. అందుకే ఎవరింటికి వెళ్ళినా దాహం లేదంటాడు. ఆ మార్చురీ కిటికీ దగ్గరికి వచ్చి ఆయనతో నవ్వుతూ మాట్లాడే మనిషి ఒక్కతే. ఏడాదికోసారి వచ్చే దర్జీ ఆవిడ.

పదకొండేళ్ళ క్రితం ఆవిడ తప్పిపోయిన అక్కను వెతుక్కుంటూ వచ్చింది. ఎత్తు కలిసింది. ఆకుపచ్చ రవికె కలిసింది. ముఖం నీళ్ళలో నాని గుర్తుపట్టేలా లేదని శవాన్ని ఆవిడకి చూపించలేదు. కాలిన మచ్చ మాత్రం ఎడమ మోచేతికని ఆవిడ, కుడి మోచేతికని కాగితం. చిన్నాన్న కాగితాన్నే నమ్మి, మీ అక్క కాదమ్మా అన్నాడు. ఆవిడ కిటికీ చువ్వలు పట్టుకుని సంతోషంతో ఏడ్చింది. అప్పటినుంచి ఏటా వచ్చి అడుగుతుంది, లేదనిపించుకుంటుంది, కాసేపు కబుర్లు చెప్పి వెళ్తుంది.

"మీరు లేదన్నప్పుడల్లా మా అక్కకి ఇంకో ఏడాది ఆయుష్షన్నా" అంటుందట.

ఆ దయ్యం సినిమాలోనే ఒకచోట శవాన్ని తల వైపు నుంచి చూపించారు. భుజం మీద కోత ఉంది. చిన్నాన్న "కుడి భుజం" అని గొణిగాడు. తెర మీది డాక్టరమ్మ ఎడమ భుజం అంది. ఆవిడదే నిజమని నేనూ అన్నాను. ఆయన ఇంటర్వెల్లో లేచి వెళ్ళిపోయాడు.

ఆయన ఎప్పుడూ శవం కాళ్ళ దగ్గర నిలబడి రాస్తాడు. తన ఎడమ చేతి వైపు కనిపించేది శవానికి కుడి కాబట్టి, చూసినదాన్ని తిప్పి రాయడం చేతికి అలవాటైపోయింది. పదకొండేళ్ళ క్రితం శవాల్ని కడిగే కుళాయి పాడై, ఒక వారం పాటు బల్లను కాళ్ళ వైపుకి తల వచ్చేలా రెండో కుళాయి దగ్గరికి తిప్పేశారు. ఆకుపచ్చ రవికె శవం వచ్చిన ఆ వారం తల దగ్గర నిలబడి రాశాడు; అక్కణ్నుంచి చూస్తే ఎడమ ఎడమే, తిప్పక్కర్లేదు. చెయ్యి మాత్రం మామూలుగానే తిప్పేసింది.

మర్నాడు పాత ఫైలు తీసి ఫొటో చూశాడు. ఎడమ మోచెయ్యే.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే ఆ అక్క ఇప్పుడు చచ్చిపోతుంది, ఈ చెల్లెలు ఇక కిటికీ దగ్గరికి రాదు. మూడు రోజులు ఆ ఫైలు బీరువాలో పెట్టాడు, తీశాడు. నాలుగో రోజు ఫైలు చంకన పెట్టుకుని, తోడుకి నన్ను పిలిచి ఆవిడ కుట్టు దుకాణానికి వెళ్ళాడు.

"ఏంటన్నా, చొక్కా కుట్టించుకోడానికి ఇన్నేళ్ళు పట్టిందా?" అంది ఆవిడ, మిషను మీద నుంచి తలెత్తి.

ఆయన నిలబడే అంతా చెప్పాడు. ఆవిడ ఫైల్లోని ఫొటో అందుకుని మోచెయ్యి చూసింది.

"నేను చువ్వలు పట్టుకుని నిలబడ్డప్పుడు మా అక్క లోపలే ఉందా?"

"ఉందమ్మా."

"ఎంత దూరంలో?"

"గోడకవతల. పదడుగులుంటుంది."

ఆవిడ ఫొటోను ఒళ్ళో బోర్లా పెట్టుకుంది. పోలీసులు చేయాల్సిన పరీక్షల గురించి చిన్నాన్న ఏదో చెప్పబోతే, వినిపించుకోలేదు.

"ఎక్కడ పూడ్చారో చూపిస్తారా?"

"చూపిస్తాను."

"చూపించాక మీరక్కడ ఉండొద్దు."

ఆదివారం పొద్దున ఆయన ఆవిణ్ని శ్మశానంలో, పేరుకి బదులు నంబరు చెక్కిన రాయి దాకా తీసుకెళ్ళాడు. రాయి మీది మట్టిని అరచేత్తో తుడిచి, వెనక్కి చూడకుండా గేటు బయటికి వచ్చేశాడు.