ఇంకొక్క ఏడాది ఆగమన్నాను

కోరుట్లలో ఒక ప్రభుత్వ బడిలో చాలా ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. రోజూ సాయంత్రం బడి వదిలాక బడి మైదానంలోనే కబడ్డీ నేర్పేవాణ్ణి. మా బడి పిల్లలే కాదు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇంటర్ చదివేవాళ్లు, చదువు మానేసినవాళ్లు కూడా వచ్చేవారు. టీవీలో కబడ్డీ లీగ్ మొదలయ్యాక మైదానంలో నిలబడే చోటు లేకుండా పోయింది. దాంతోపాటే నాకు ఇంకో పని అంటుకుంది. లీగ్ జట్ల కోసం పిల్లలను వెతుకుతూ తిరిగేవాళ్లు ఫోన్ చేసి అడిగేవారు, "సార్, మీ పిలగాడు తయారైండా?" అని.

ఆ ఒక్క మాటకు జవాబు చెప్పడం ఎంత కష్టమో మొదట్లో నాకు తెలియదు. పాయింట్ తెచ్చినప్పుడు ఎవరైనా బాగానే కనిపిస్తారు. కూతకు వెళ్లినవాడి మీద నలుగురైదుగురు పడి, నోట్లోకి మట్టి పోయాక వాడు ఎట్లా లేస్తాడన్నది నేను చూసేవాణ్ణి. కొందరు లేస్తూనే అంపైర్‌తో వాదనకు దిగుతారు. కొందరు పట్టుకున్నవాడి మొహం గుర్తుపెట్టుకుంటారు. బహు కొద్దిమంది, ఏ అడుగు తప్పు పడిందా అన్నట్టు నేల వైపు చూస్తారు. అట్లాంటివాళ్ల మీద నాకు గురి కుదిరేది. ఆ తర్వాత ఒళ్లు చూడాలి. పద్దెనిమిదేళ్ల పిల్లవాడి ఎముక ఇంకా పచ్చిగానే ఉంటుంది. లీగ్‌లో వాడి మీద పడేది ముప్ఫై ఏళ్ల మనిషి.

నేను మొట్టమొదట "తయారైండు" అని చెప్పింది మల్లాపూర్ పిల్లవాడి గురించి. వాళ్ల నాన్న తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. వాడూ చిన్నప్పటి నుంచి తండ్రి వెంట మోకు కట్టుకుని ఎక్కినవాడే కాబట్టి పిక్కలు రాళ్లలా ఉండేవి. ఎడమ మూలన నిలబడి ఎదుటివాడి మడమ పట్టాడంటే, విడిపించుకుని పోయినవాణ్ణి నేను చూడలేదు. ఒక జట్టు వాణ్ణి శిక్షణ శిబిరానికి పిలిచింది. పదకొండో రోజున సాధనలోనే మోకాలు తిరిగిపోయింది. ఆపరేషన్ చేశారు. కాలికి పట్టీ కట్టుకుని ఇంటికొచ్చాడు.

చూడటానికి వెళ్లాను. వాళ్ల నాన్న అప్పుడే కల్లు దింపి వచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. నన్ను చూసి మంచం వాల్చాడు. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివర్లో అన్నాడు.

"మీరు సరే అంటెనే పంపిన సారు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నదున్నట్టు అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కూడా దారి చూడలేదు.

ఆ తర్వాత రెండేళ్లకు సిరిసిల్ల పిల్లవాడు వచ్చాడు. అమ్మా నాన్నా ఇద్దరూ సాంచాల మీద పనిచేసేవాళ్లు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. కొడుకు ఆ పనిలో పడకూడదని, ఇంటర్ చదవడానికి కోరుట్లలో ఉన్న మేనత్త ఇంటికి పంపారు. సన్నటి పిల్లవాడు. సాంచాల చప్పుడు మధ్య పెరిగినవాళ్లకు గొంతు పెద్దది కదా, వాడి కూత మైదానం అవతల రోడ్డు మీదికి వినిపించేది. వాడు తాకి వెనక్కి వచ్చేశాడన్న సంగతి ఎదుటివాడికి అంపైర్ చెయ్యెత్తితే గాని తెలిసేది కాదు. ఇన్నేళ్లలో అంత వేగం నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

లోపం ఒకటే. పట్టుబడితే లేచి నా వైపు చూసేవాడు. నేను తలూపితే మళ్లీ మామూలయ్యేవాడు. ఊపకపోతే తర్వాతి కూతలో కాలు తడబడేది.

జగిత్యాలలో పోటీలు జరిగినప్పుడు లీగ్ జట్ల మనుషులు వచ్చి కూర్చున్నారు. మా వాడు మొదటి రెండు ఆటల్లో చెలరేగిపోయాడు. మూడో ఆటలో వరసగా మూడుసార్లు పట్టుబడ్డాడు. మూడుసార్లూ నా వైపు చూశాడు.

వారం తర్వాత, బడిలో మధ్యాహ్న భోజనానికి పిల్లలను వరసలో నిలబెడుతుంటే ఫోన్ వచ్చింది. జగిత్యాలలో చూసిన మనిషే. ఒకప్పుడు తనూ ఆడినవాడు.

"సార్, మీ సిరిసిల్ల పిలగాడు మాకు నచ్చిండు. అచ్చే నెల క్యాంపుకు పిలుద్దామనుకుంటున్నం. మీరు చెప్పున్రి, తయారైండా?"

నాకు మల్లాపూర్ వాకిలి గుర్తొచ్చింది. పట్టీ కట్టిన కాలు గుర్తొచ్చింది.

"ఆట ఉన్నది. ఒళ్లు ఇంకా రాలే. ఓడిపోతే తట్టుకునే గుండె గూడ రావాలె. ఇంకొక్క ఏడాది ఆగున్రి" అన్నాను.

"మీరు గట్లంటే ఆగుతం సార్" అని ఫోన్ పెట్టేశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పిల్లల వరస కదలనే లేదు.

నేను చెప్పింది నిజమని ఆ రోజు పూర్తిగా నమ్మాను. ఇప్పుడు సగం నమ్ముతాను. ఎందుకంటే రెండు నెలల్లో రాష్ట్రస్థాయి పోటీలున్నాయి. వాడు లేకపోతే మా జట్టు లేదు. ఆ ఆలోచన ఫోన్ మాట్లాడేటప్పుడు నా మనసులో ఉందని చెప్పలేను. లేదని ఒట్టు పెట్టి చెప్పమంటే అదీ చెప్పలేను.

అంతవరకైతే ఒక ఉపాధ్యాయుడి అంచనా అని సరిపెట్టుకునేవాణ్ణి. తప్పు ఆ సాయంత్రం చేశాను. వాడు సైకిల్ గోడకానించి నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"సార్, జగిత్యాల పిలగాండ్లు ఇద్దరికి ఫోన్ అచ్చిందట. నా గురించి ఎవలన్న అడిగిండ్రా?"

చెబుదామనే నోరు తెరిచాను. చెబితే ఎందుకు ఆపారంటాడు. ఏడుస్తాడు. తనే వాళ్లకు ఫోన్ చేసి పోతానంటాడు. వెళ్లి కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటాడు. ఇవన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

"ఎవలు అడగలే రా" అన్నాను.

"అసలుకే అడగలేదా సార్?"

"అచ్చే ఏడు అడుగుతరు. నువ్వైతే మంచిగ తిని ఒళ్లు పెంచు."

తలూపాడు. వెళ్లి మైదానం చుట్టూ పరుగు మొదలుపెట్టాడు. అందరూ ఆపేసి మొహాలు కడుక్కుంటున్నా వాడు ఆగలేదు. నేనే వెళ్లి చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

ఆ తర్వాత వాడి ఆట మారింది. కూతకు వెళ్తే గీత దగ్గరే అటూ ఇటూ తిరిగి, ఎవరినీ తాకకుండా వచ్చేసేవాడు. పట్టుబడినా నా వైపు చూడటం మానేశాడు. గుండె గట్టిపడుతోందనుకున్నాను. అట్లా అనుకున్నందుకు ఇవాళ సిగ్గుపడుతున్నాను. మూడు వారాలు గడిచాక రావడమే మానేశాడు. ఒక రోజు వాడి మేనత్త బడి గేటు దగ్గరికి వచ్చింది.

"సార్, మా పిలగాడు సిరిసిల్లకు పోయిండు. సదువు గూడ ఇడిసిపెట్టిండు. అంతమంది సూసినంక గూడ ఒక్కలు అడగలేదత్తా, ఇగ నాకు ఆటెందుకు అన్నడు. మీరు పోయి ఒక్క మాట చెప్తె ఇంటడు సార్."

వస్తానన్నాను. వెళ్లలేదు. వెళ్తే ఆ ఒక్క మాట చెప్పాలి. ఒకసారి ఫోన్ మాత్రం చేశాను. వెనకాల సాంచాల చప్పుడు. "మంచిగనే ఉన్న సార్" అన్నది వినిపించింది. తర్వాత ఏమన్నాడో వినపడలేదు. మళ్లీ చెప్పమని అడగలేదు.

రాష్ట్రస్థాయిలో రెండో ఆటకే ఇంటిదారి పట్టాం. ఏడాది గడిచాక ఆ జట్టు మనిషికి నేనే ఫోన్ చేశాను. "ఏ పిలగాడు సార్?" అన్నాడు. ఆనవాలు చెబితే గుర్తుపట్టి, ఈసారి తమకు సరిపోను దొరికారన్నాడు. మా వాడు ఏడాదిగా మైదానం మొహం చూడలేదన్న సంగతి నేను అతనికి చెప్పనేలేదు.

నేను రిటైరయ్యాను. ఆ తర్వాత ఒకసారి కంటి పరీక్షకు జగిత్యాల వెళ్లాను. మల్లాపూర్ పిల్లవాడు అక్కడే టిఫిన్ సెంటర్ పెట్టుకున్నాడని తెలుసు. ఇన్నేళ్లూ ఆ రోడ్డున పోకుండా చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. ఆ రోజు కళ్లలో మందు వేశారు, అన్నీ మసకగా ఉండి, చూసుకోకుండా వాడి కొట్టు ముందుకే వచ్చాను. వాడు కుంటుకుంటూ రోడ్డు మీదికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"సార్! కండ్లకేమైంది? రాండ్రి, కూసోండ్రి."

కూర్చోబెట్టి దోశ వేసిచ్చాడు. తినలేకపోయాను. "నిన్ను తొందరపడి పంపిన. నీ కాలు నేనే పోగొట్టిన" అన్నాను.

వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఏంది సార్ గట్లంటరు? పదకొండు రోజులు సార్! టీవీల సూసినోళ్ల పక్కపొంటి కూసొని అన్నం తిన్న. అండ్ల పెద్ద పేరున్నాయినె మడమ పట్టిన, ఇడిపిచ్చుకోలేకపోయిండు. శెబాష్ అన్నడు. మోకాలు పోయిందంటే పోయింది. సలికాలం జర లేవనియ్యది. కని గిప్పుడు పిలిచినా మల్ల పోత."

ఆ మాట విన్నాక సిరిసిల్ల పిల్లవాడి సంగతి నా నోట దానంతటదే వచ్చింది. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. వాడు పెనం కింద మంట తగ్గించి మొత్తం విన్నాడు.

"గీ సంగతి ఆయినెకు ఎర్కేనా సార్?"

"లేదు."

"నన్ను ఆటల మోకాలు పడగొట్టింది సార్. ఆయిన్ని..." అని ఆగిపోయాడు. నా మీద గౌరవం కొద్దీ ఆగిపోయాడు. గిన్నెలో గరిటె తిప్పుతూ, నా వైపు చూడకుండా, "పోయి చెప్పున్రి సార్" అన్నాడు.

మరుసటి వారం వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కాను. మేనత్త చెప్పిన గుర్తులతో షెడ్డు దొరికింది. కబురు పంపితే బయటికి వచ్చాడు. జుట్టు నిండా దూది నూగు. నేను పెంచమన్న ఒళ్లు ఇప్పుడు వచ్చింది. భుజాలు వెడల్పయ్యాయి. నన్ను చూసి కంగారుపడ్డాడు.

"సార్, మీరా! అత్త మంచిగనే ఉన్నది గదా?"

అంతా బాగున్నారని చెప్పి, పక్కనున్న చాయ్ కొట్టుకు తీసుకెళ్లాను. ఏదీ తగ్గించకుండా చెప్పాను. ఫోన్ వచ్చిన సంగతి, నేనన్న మాట, రాష్ట్రస్థాయి పోటీల సంగతి, సాయంత్రం చెప్పిన అబద్ధం. అతను గ్లాసు చేత్తో పట్టుకుని తాగకుండా విన్నాడు. ఆ పెద్ద గొంతు ఎంత చిన్నదైపోయిందంటే నేను ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

"నా గురించే అడిగిండ్రా సార్?"

"నీ గురించే అడిగిండ్రు."

"ఏమన్నరు?"

"నచ్చిండు అన్నరు."

"నచ్చిండు అన్నరా" అని తనలో తనే అనుకున్నాడు. చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. చొక్కాకున్న నూగు కళ్లలో పడి ఇంకా నీళ్లు వచ్చాయి.

"మీరు ఆగుమన్నది తప్పు గాదు సార్. నేను అప్పుడు తయారైన్నో లేదో నాకే తెల్వది. కని నాకు చెప్తె ఆగేటోన్ని. ఒక్క ఏడు ఏంది, రెండేండ్లు ఆగేటోన్ని. ఎవ్వలు అడగలే అన్నరు. ఎవ్వలు అడగంది ఎవలి కోసం ఆగాలె సార్?"

"తప్పయింది రా" అన్నాను.

షెడ్డులోంచి ఎవరో కేకేశారు. దారం తెగి సాంచా ఆగిందట. వెళ్లాలని లేచాడు. కానీ వెళ్లకుండా నాతోపాటు రోడ్డు దాకా వచ్చి, ఆటో ఆపి, బస్టాండులో దింపమని డ్రైవర్‌కు చెప్పాడు. నేను ఎక్కాక, "పైలంగ పోండ్రి సార్" అన్నాడు. నా మొహంలోకి చూడలేదు.

కొన్నాళ్లకు మేనత్త బజారులో కనిపించింది. ఆ రోజు వాడు ఇంటికి పోయి, "నన్ను గూడ అడిగిండ్రటనే అమ్మా" అని తల్లికి చెప్పి, అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడట. "ఏం చెప్పిండ్రు సార్ మీరు?" అని అడిగింది. ఆమెకూ చెప్పాను. ఆమె కూరగాయల సంచి రెండో చేతికి మార్చుకుని వెళ్లిపోయింది.

అతనికి రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మూడోసారి చేయలేదు.