కండక్టర్ బాబాయి బొటనవేలు

మా పక్కింటి కండక్టర్ బాబాయి శనివారం పొద్దున టీ గ్లాసు చేతిలో ఉండగానే పోయాడు. గుండె ఆగిందన్నారు. కబురు విని నేను నమ్మలేదు. నాలుగేళ్లుగా ఆ ఇంట్లో జబ్బంటే ఆయన కుడికాలి బొటనవేలే. గుండె సంగతి ఎవరూ తలుచుకోలేదు.

ముప్పై ఏళ్లు భద్రాచలం అడవి దారిలో బస్సు కండక్టరు. మలుపుల్లో కూడా రాడ్డు పట్టుకోకుండా టికెట్లు కొట్టేవాడు. "రాడ్డు ప్యాసింజర్లకు. కండక్టర్‌కు కాలివేళ్లున్నయి" అనేవాడు. ఆ గొప్పే వేలి కీలును అరగదీసిందని పిన్ని తీర్మానం. నా పదో తరగతి పరీక్ష రోజు నేనింకా చొక్కా తొడుక్కుంటుంటే మా వీధి మొదట్లో బస్సు ఆపించాడు. ప్యాసింజర్లు గొణిగితే "మన పిలగాడే అనుకోర్రి, జర ఆగుర్రి" అన్నాడు. ఆ మేలు నేను మరిచిపోలేదు.

మాత్రలు, చెప్పులో మెత్త, సూదులు, ములకలపల్లి నాటువైద్యుడి ఆకు కట్టు, చివరికి ఎముక గీకే చిన్న ఆపరేషను, అన్నీ అయ్యాయి. నొప్పి తగ్గలేదు. బజారుకు నడవడం మానేశాడు. నలుగురితో మాట్లాడనిదే పూట గడవని మనిషి గుమ్మంలో కూర్చుని, దారినపోయేవాళ్లను ఆపి "యాడికి?" అని అడిగేవాడు. చూస్తే నవ్వొచ్చేది, జాలీ వేసేది.

ఇక కీలు దగ్గర ఎముకలు కలిపేసి స్క్రూలు బిగిద్దామన్నాడు ఖమ్మం డాక్టరు. నొప్పి పోతుంది, కానీ వేలు అక్కడ మళ్లీ వంగదు.

"వంగకుండ బతకొచ్చా లేదా, ముందు చూసుకోవాలె గదా" అని బాబాయి వెదురు బద్ద చెక్కి, వేలికి గుడ్డతో కట్టుకుని మూడు రోజులు తిరిగాడు. మెట్లెక్కాడు, పీట మీద కూర్చున్నాడు. మా ఇంటికొచ్చి గొంతుక్కూర్చుని చూపిస్తానని కూర్చున్నాడు, లేవలేకపోయాడు. లేపబోతూ చూస్తే కట్టు ఎడమకాలికి ఉంది.

"బాబాయ్, నొప్పి కుడికాలికి గదా?"

"అవ్. నొప్పున్న వేలికి ఎవడన్న బద్ద కడ్తడా? పానం పోదూ?"

నవ్వు ఆపుకోలేక ఇద్దరం నేల మీదే కూలబడ్డాం. కాసేపటికి ఆయనే మెల్లగా, "చేయించుకుంటరా. గుమ్మంల కూసొని కూసొని యాష్టకొచ్చింది. సోమవారం నువ్వు తోడు రావాలె" అన్నాడు. నేను సెలవు కూడా పెట్టాను.

శనివారం నేను పరుగున వెళ్లేసరికి ఆయన్ని చాప మీద పడుకోబెట్టి, పోయినవాళ్లకు కట్టినట్టే కాలి బొటనవేళ్లు రెండూ కలిపి గుడ్డపీలికతో కడుతున్నారు. పిన్ని ఏడుపు ఆపి ముందుకొచ్చింది.

"జర వదులుగ కట్టుర్రి. కుడిది ముట్టుకుంటే ఓర్వడు."

కట్టే పెద్దాయన బిగించిన ముడి విప్పి, వేలికి తగిలీ తగలకుండా మళ్లీ కట్టాడు.